మంట లేని ఫొటో కోసం శ్రీహరికోట దాకా

బుధవారం, 2023 జులై 12, తిరుపతి

పొద్దున ఆరున్నరకి మిద్దె మీదికి ట్రైపాడ్ ఎక్కించి గాలి గోపురం వైపు లెన్స్ తిప్పాను. రాత్రిపూట నామం, శంఖుచక్రాలు లైట్లలో వెలుగుతూ ఊరంతటికీ కనిపించే గోపురమే. పగలు మాత్రం కొండ పచ్చదనంలో వెతుక్కోవాలి. నాకు కావలసింది కూడా అటువంటిదే. దూరంగా, చిన్నగా, నిటారుగా నిలబడి ఉండాలి.

ఎల్లుండి మధ్యాహ్నం 2.35కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయల్దేరుతోంది. దాన్ని మోసుకెళ్లే ఎల్‌వీఎం3 రాకెట్‌ను లాంచ్‌ప్యాడ్ మీద నిలబడి ఉండగా ఫొటో తీయాలి. ఎగిరేటప్పటి ఫొటో నాకు వద్దు.

ఈ పట్టుదల 2019లో మొదలైంది. ఆ ఏడాది జులై 15 తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 ఎగరాలి. నిద్ర మానుకుని, జనం ప్రయోగం చూడ్డానికి శ్రీహరికోటలో కట్టిన గ్యాలరీలో కూర్చున్నాం. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా గడియారం ఆగింది. సాంకేతిక లోపం, ఈ రోజుకి లేదన్నారు. జనం లేచి ఉసూరుమంటూ బస్సుల వైపు నడుస్తుంటే నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చెట్లకి పైన, ఫ్లడ్‌లైట్ల వెలుగులో, రాకెట్ అలాగే నిలబడి ఉంది. చుట్టూ నల్లటి రాత్రి, మధ్యలో ఆ తెల్లటి ఒళ్లు. అంతకుముందు దాన్ని నేను సరిగ్గా చూడనేలేదు, గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. చేతిలో ఉన్న చిన్న లెన్స్‌తో, ఆనించడానికి ఏమీ లేకుండా, పది ఫొటోలు తీశాను. పదీ అలుక్కుపోయాయి. వారం తర్వాత 22న అదే రాకెట్ మధ్యాహ్నం 2.43కి చక్కగా వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఒక స్కూల్లో ఐడీ కార్డు ఫొటోలు తీస్తున్నాను.

మంట ఫొటోలు తీసేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాటిల్లో రాకెట్ ఆకారమే సరిగ్గా కనిపించదు. మంట వెలుగుకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ దించితే తెల్లటి రాకెట్ నల్లబడుతుంది, రాకెట్‌కి తగ్గట్టు పెంచితే మంట తెల్లటి మరకలా మిగులుతుంది. నిలబడి ఉన్న రాకెట్‌కి ఆ గొడవ లేదు. ఏ ముక్క ఏదో, ఎక్కడ అతికారో, పక్కన టవర్ నుంచి ఏ గొట్టం ఎక్కడ తగులుకుందో తీరిగ్గా చూడవచ్చు.

ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. సూళ్లూరుపేటలో ఉండే మా మావయ్య షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, ఘన ఇంధనం తయారుచేసే ప్లాంట్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి 2018లో రిటైరయ్యాడు. ఆయనకి రాకెట్‌తో కలిసి ఒక్క ఫొటో కూడా లేదు. ఆ రోజుల్లో సొంత కెమెరా లోపలికి తీసుకెళ్లే వీల్లేదు. గ్యాలరీకి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచిన పూటే రెండు సీట్లు పట్టుకున్నాను, నాకొకటి, ఆయనకొకటి. ఆషాఢం కాబట్టి పెళ్లి ఆర్డర్లు లేవు. స్టూడియో మూడు రోజులు తమ్ముడు చూసుకుంటాడు.

ఇక లెక్క. ఎల్‌వీఎం3 ఎత్తు 43.5 మీటర్లు. గ్యాలరీ నుంచి ప్యాడ్ ఆరు కిలోమీటర్లు ఉంటుందనుకుంటే, 600 ఎం.ఎం. లెన్స్‌లో సెన్సర్ మీద రాకెట్ పడేది నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక బియ్యపు గింజంత. అది చాలు, పెద్దది చేసుకోవచ్చు. చిక్కంతా మావయ్యతో. ఆయన యాభై మీటర్ల దూరంలో నిలబడితే 600లో ఆయన స్పష్టంగా పడినప్పుడు రాకెట్ మసకబారుతుంది, రాకెట్ స్పష్టంగా పడితే ఆయన పొగలా కనిపిస్తాడు. లెన్స్‌ను 300కి తగ్గించి, అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే కంత, 16కి మూస్తే ఇద్దరూ చిన్నవాళ్లవుతారు కానీ రాకెట్‌ని రాకెట్‌గా గుర్తుపట్టవచ్చు. ఇది కాగితం మీద లెక్క. అందుకే మా ఆవిడని నాలుగిళ్ల అవతల పిన్నమ్మ వాళ్ల మిద్దె మీద నిలబెట్టి, వెనకాల గాలి గోపురం వచ్చేట్టు తీసి చూశాను. లెక్క సరిపోయింది.

మళ్లీ మధ్యాహ్నం రెండింటికి, లాంచ్ వేళకి ఎండ ఎలా ఉంటుందో చూద్దామని ఎక్కాను. పొద్దున రాయి రాయి కనిపించిన గోపురం ఇప్పుడు నీళ్లల్లో నీడలా కదులుతోంది. మిద్దెల మీదినుంచి, రోడ్ల మీదినుంచి లేచే వేడిగాలి అంతటినీ దాటుకుని వెలుగు లెన్స్‌లోకి రావాలి. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఇంతే. ఒక్కటే ఉపాయం ఉంది. వేగంగా యాభై, వంద ఫ్రేములు తీస్తే వాటిల్లో గాలి ఒక్క క్షణం నిదానించినప్పుడు పడినవి రెండో మూడో ఉంటాయి. వంద తీశాను. మూడు బాగున్నాయి.

గ్యాలరీలో అంతమంది మధ్య ట్రైపాడ్ కాళ్లు చాపడం బాగుండదు. పాత దిండు గలీబు చిన్నదిగా కుట్టించి, అందులో కిలో పెసలు పోసి మూతి బిగించాను. మెట్టు మీద పెట్టి లెన్స్‌ను దాంట్లోకి అదిమితే కదలదు.

గురువారం, జులై 13

ఇస్రో వాళ్లు పొద్దున చంద్రయాన్ నమూనా తీసుకుని తిరుమలకి వచ్చారని బస్టాండులోనే చెప్పుకుంటున్నారు. ప్రతి పెద్ద ప్రయోగానికీ ముందు ఇలా స్వామి పాదాల దగ్గర నమూనా పెట్టించడం మా ఊళ్లో అందరికీ తెలిసిందే. మనం ఇక్కడినుంచి అక్కడికి, వాళ్లు అక్కడినుంచి ఇక్కడికి అని పక్క సీటు ఆయన నవ్వాడు.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట దాకా వంద కిలోమీటర్ల దగ్గర దగ్గర. కిందటేడు ఏప్రిల్ నుంచి సూళ్లూరుపేట మా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. కానీ మాటలో మాత్రం అది ఇంకా నెల్లూరే. దిగగానే మావయ్య, "ఏందిరా అల్లుడూ, ఇంత పెద్ద సంచి? కెమేరానా, తుపాకీనా?" అన్నాడు.

ఒంటిగంటా ఐదు నిమిషాలకి కౌంట్‌డౌన్ మొదలైందని టీవీలో చెప్పారు. ఇరవై అయిదున్నర గంటల లెక్క. అత్తయ్య రొయ్యల ఇగురు వడ్డిస్తుంటే మావయ్య టీవీ గొంతు తగ్గించి, ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఉండే ఎల్110 అంచెలో ద్రవ ఇంధనం నింపాలి. చివరి గంటల్లో పైనున్న సి25 అంచెలోకి మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్, మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ పోయాలి. ముందే పోసి పెట్టుకోవడానికి లేదు, అవి మరిగి ఆవిరైపోతూనే ఉంటాయి. అందుకే ఆఖరిదాకా నింపుతూనే ఉంటారట. రేపు ఫొటోలో తెల్లటి పొగ కనిపిస్తే కంగారుపడొద్దని ముందే చెప్పాడు. "మరి మీది?" అన్నాను. "మాది నింపేది ఎప్పుడో అయిపోయిందిరా. ఆ పక్కలా రెండు ఉంటాయి చూడు, ఎస్200లు, అవి నిండు గర్భిణుల మాదిరి వచ్చి నిలబడతాయి. కొత్తగా పోసేది ఏమీ లేదు."

ఆ ఎస్200ల గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు వాటంతటవే కదులుతాయి. అమ్మోనియం పెర్‌క్లోరేట్ పొడి, అల్యూమినియం పొడి, హెచ్‌టీపీబీ అనే జిగురు. మూడింటినీ పెద్ద మిక్సర్‌లో గంటల తరబడి కలుపుతారు. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. ఇనప గొట్టం మధ్యలో అచ్చు నిలబెట్టి, చుట్టూ ఈ ముద్ద పోసి, రోజుల తరబడి వెచ్చగా ఉంచితే రబ్బరులా గట్టిపడుతుంది. తర్వాత అచ్చు బయటికి లాగుతారు. నేను తీసుకెళ్లిన రబ్బరు ముక్క, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునేది, చేతిలోకి తీసుకుని నొక్కి చూపించాడు. "ఇట్టా ఉంటది. గోరు దిగుతుంది, కానీ విరగదు." అదే ఇంధనం, ఒక్కో ఎస్200లో 200 టన్నులకు పైనే, మూడు ముక్కలుగా పోసి తర్వాత ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. బుడగ ఉన్నా, పగులు ఉన్నా మంట అక్కడికి చేరగానే ఒక్కసారిగా ఎక్కువ మేర అంటుకుంటుంది. అంటుకున్నాక ఆపడానికి మీట లేదు. అందుకని లోపలికి వెళ్లేటప్పుడు నూలు బట్టలు, కరెంటు నిలవని చెప్పులు, నిప్పురవ్వ రాని పనిముట్లు. తలుపు దగ్గర ఇత్తడి పలక తాకి ఒంట్లో ఉన్న స్టాటిక్‌ని వదిలేసి గాని అడుగు పెట్టకూడదు. రిటైరై అయిదేళ్లయినా ఆయన ఇంట్లో వంటగది గడప దాటేటప్పుడు తలుపు గడియ తాకుతాడని అత్తయ్య చెప్పింది. నేను సాయంత్రం దాకా గమనించాను. నిజమే.

ప్రతి మిక్సింగ్‌కీ ఒక షీటు ఉంటుందట. ఎన్ని గంటలకు మొదలైంది, వేడి ఎంత, చిక్కదనం ఎంత, ఎవరు చూశారు. కింద సంతకం. "సంతకం లేని షీటు మాకు షీటే కాదు" అన్నాడు.

2010 జనవరి 24న ఎస్200ని మొదటిసారి నేల మీద బిగించి మండించిన రోజు ఆయన అక్కడున్నాడు. రెండు నిమిషాల పైచిలుకు. ఎట్లా ఉంది మావయ్యా అంటే, "మండుతున్నంతసేపూ నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

సాయంత్రం చెంగాళమ్మ గుడికి వెళ్లాం. కాళంగి ఒడ్డున ఉంటుంది. గుడికి తలుపులు మూయడమన్నది లేదు, రాత్రీ పగలూ అమ్మవారు కనిపిస్తూనే ఉంటుంది. ఇస్రో చైర్మన్ సోమనాథ్ కూడా పొద్దున వచ్చి దర్శనం చేసుకుని వెళ్లారు. నైట్ షిఫ్టు దిగి తెల్లవారుజామున వచ్చినా అమ్మ మేలుకునే ఉండేదని మావయ్య చెప్పాడు.

అక్కడినుంచి బండి మీద పులికాట్ దాకా. సరస్సు మధ్యనుంచి శ్రీహరికోటకి వేసిన రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగాం. ఫ్లెమింగోలు చలికాలంలో వస్తాయి. జులైలో నీళ్లు వెనక్కి పోయి, బురద ఎండి పలకలు పలకలుగా చీలి ఉంది. ఆ పలకల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. అటు తూర్పున, దీవి మీది చెట్ల గీత. దాని వెనకాల రాకెట్ ఉంది. ఇక్కడినుంచి కనిపించదు. అయినా ఇద్దరం చీకటి పడేదాకా అటే చూస్తూ నిలబడ్డాం.

శుక్రవారం, జులై 14

పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు, గొడుగు. ఎనిమిదికల్లా బయల్దేరినా రోడ్డు అప్పటికే నిండిపోయింది. మదనపల్లె, కడప, చెన్నై బండ్లు. స్కూలు పిల్లలు బస్సు కిటికీల్లోంచి జెండాలు ఊపుతున్నారు. చెకింగ్ దగ్గర సెక్యూరిటీ ఆయన గలీబు సంచి పట్టుకుని అటూ ఇటూ నొక్కి, ఏంటిదన్నాడు. పెసలు అన్నాను. మూతి విప్పమన్నాడు. చూసి, మళ్లీ తనే గట్టిగా కట్టిచ్చాడు.

గ్యాలరీ మెట్లు పెద్ద స్టేడియంలా ఉంటాయి. కింద రాకెట్ నమూనాలు, ఎదురుగా పెద్ద తెరలు. పైవరసలోకి ఎక్కి తూర్పుకి చూడగానే నాకు గొంతులో ఏదో అడ్డంపడినట్టయింది. సరుగుడు, నీలగిరి చెట్ల పచ్చటి గీత. దాని పైన పిడుగు పడకుండా కాపాడే సన్నటి స్తంభాలు, రాకెట్‌కి గొట్టాలు అందించే అంబిలికల్ టవర్. ఆ టవర్‌ని ఆనుకున్నట్టుగా, తెల్లగా, అది. కింది భాగం చెట్ల వెనక దాగింది. పైన హీట్‌షీల్డ్ మాత్రం నిండుగా కనిపిస్తోంది. అయిదు మీటర్ల అడ్డకొలత ఉన్న ఆ టోపీ లోపల చంద్రయాన్-3 ముడుచుకుని కూర్చుని ఉంది. మొత్తం 3,900 కిలోలు, అందులో ల్యాండర్ 1,752. ఆ ల్యాండర్ కడుపులో 26 కిలోల రోవర్. ఇక్కడ ఎంత గొప్ప ఫొటోగ్రాఫర్ తీసినా వ్యోమనౌక కనిపించదు, దాని మీది కవచమే పడుతుంది. నాకది లోటుగా అనిపించలేదు. పెళ్లికూతుర్ని తెర వెనక కూర్చోబెట్టినప్పుడు తెర మీద పడే నీడని తీసిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాటిని ఎవరూ తీసేయమనలేదు.

రాకెట్ ఇంత బాగా కనిపించడానికి కారణం రెండో లాంచ్‌ప్యాడ్. 2005 నుంచి వాడుతున్నారు. మొదటి ప్యాడ్‌లో చాలాకాలం రాకెట్‌ను అక్కడే అంచె మీద అంచె పెట్టి కట్టేవాళ్లు. చుట్టూ పట్టాల మీద కదిలే టవర్ కప్పి ఉంచి, ఎగిరే ముందు వెనక్కి జరుగుతుంది. రెండో ప్యాడ్‌కి అయితే రాకెట్ దూరంగా ఒక పెద్ద భవనంలో తయారై, పీఠంతో సహా పట్టాల మీద మెల్లగా కిలోమీటరు దాకా నడిచి వస్తుంది. అందుకే రోజుల తరబడి బయట ఎండలో నిలబడి ఉంటుంది. "తేరు లాగినట్టే" అన్నాడు మావయ్య. శ్రీకాళహస్తి తేరు చూసినవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు.

ఎండ మా వీపు వైపుకి వాలడానికి ఇంకా టైముంది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా తీసినవన్నీ ఎదురెండలో చదునుగా, ప్రాణం లేకుండా వచ్చాయి. సూర్యుడు నడినెత్తి దాటి పడమరకి ఒరుగుతుంటే హీట్‌షీల్డ్ గుండ్రదనం మెల్లగా తేలింది. కానీ అప్పటికి వేడి కూడా పెరిగింది. 600లో చూస్తే రాకెట్ సన్నటి గుడ్డ గాలికి ఆడినట్టు ఆడుతోంది. సంచిలోకి లెన్స్ అదిమి, మబ్బు నీడ చెట్ల మీద పడినప్పుడల్లా షటర్ పట్టుకున్నాను. నేల మీద ఎండ ఆగితే పది, పదిహేను సెకన్లు గాలి నెమ్మదిస్తుంది. నేను నిన్నటిదాకా కనిపెట్టని సంగతి ఇది. ఆ నీడలే నన్ను కాపాడాయి. ఒక ఫ్రేములో అంబిలికల్ టవర్ చేతులు, వాటి మధ్య సి25 దగ్గర తెల్లటి ఆవిరి పక్కకి తేలిపోతూ, ఎస్200 అంచు కత్తితో కోసినట్టు పడింది. కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూసుకుంటే చేతులు వణికాయి. 2019 నాటి పది అలుకుడు ఫొటోలకి బాకీ తీరింది.

ఇక మావయ్య. యాభై మీటర్ల దూరం కావాలంటే ఆయన గ్యాలరీలో ఒక చివర, నేను రెండో చివర ఉండాలి, వెనకాల రాకెట్ రావాలి. మధ్యలో జనం. ఫోన్‌లో "ఎడమకి, ఇంకా ఎడమకి, రెండు మెట్లు దిగు" అని చెబుతుంటే, నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయిలు విషయం అడిగారు. చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ రాకెట్లకి ఇంధనం పోసిన మనిషికి దాంతో ఫొటో లేదన్నాను. వాళ్లు లేచి ముందు వరసలకి చెప్పారు, వాళ్లు ఇంకో వరసకి. రెండు నిమిషాల్లో ఆ మధ్యలో ఉన్న యాభై, అరవై మంది గొడుగులు ముడిచి కిందికి వంగారు. ఎవరూ విసుక్కోలేదు. మావయ్య ఒక్కడే నిలబడ్డాడు, తెల్ల చొక్కా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ ఒంటికి ఆనించుకుని, డ్యూటీలో నిలబడినట్టు. నా వైపు చూడమంటే చూడలేదు, మెడ తిప్పి దాని వైపు చూశాడు. 300 ఎం.ఎం., అపర్చర్ 16. నలభై ఫ్రేములు. టైము 12.40.

2.35కి నేను కెమెరా సంచిలో పెట్టేశాను. కళ్లతో చూడాలని ముందే అనుకున్నాను. ముందు వెలుగు వచ్చింది, చప్పుడు లేదు. ఎస్200లు రెండూ ఒకేసారి అంటుకుని చెట్ల వెనకనుంచి పసుపు తెలుపు పొగ ఉబికింది, రాకెట్ టవర్‌ని వదిలి లేచింది. అప్పటికీ నిశ్శబ్దమే, జనం అరుపులు తప్ప. తర్వాత ఎప్పటికో నేలమీదినుంచి, మెట్లలోనుంచి, పక్కటెముకల్లోకి వచ్చింది ఆ మోత. రాకెట్ మబ్బులోకి దూరి మళ్లీ పైన బయటపడింది. మావయ్య పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. నూట ఎనిమిది సెకన్ల దగ్గర మధ్యలోది అంటుకోవాలి, నూట ఇరవై ఏడు దగ్గర ఎస్200లు విడిపోవాలి. తెర మీద విడిపోయాయని చెప్పగానే కూర్చుండిపోయాడు. దాని తర్వాత ఏం జరిగిందో ఆయన పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు పదహారు నిమిషాలకి చంద్రయాన్ కక్ష్యలో విడిపోయిందని ప్రకటించినప్పుడు గ్యాలరీ అంతా లేచి గంతులేస్తుంటే, ఆయన పులిహోర డబ్బా తెరిచి నా చేతికిచ్చాడు. పొద్దున్నుంచీ ఇద్దరం తినలేదు.

తిరిగి చూస్తే ప్యాడ్ ఖాళీ. టవర్ మాత్రం ఉంది, పక్కన ఆకాశం. అదీ ఒకటి తీశాను.

శనివారం, జులై 15

మధ్యాహ్నానికి తిరుపతి. నలభైలో ఒక్కటి దొరికింది, మబ్బు నీడలో పడింది. మావయ్య చెంప, మెడ మీది చెమట, చొక్కా కాలరు స్పష్టంగా ఉన్నాయి. వెనకాల రాకెట్ కాస్త మెత్తగా ఉంది, కానీ రెండు పక్కలా ఎస్200లు విడివిడిగా గుర్తుపట్టవచ్చు. ల్యాబ్ కుర్రాడు రాకెట్ చిన్నదైపోయింది, మనిషిని కత్తిరించేసి పెద్దది చేద్దామా అన్నాడు. వద్దన్నాను. పన్నెండు బై పద్దెనిమిది సైజులో రెండు వేయించి, ఒకటి అట్టలు పెట్టి బిగించి ఆర్టీసీ కార్గోలో సూళ్లూరుపేటకి పంపాను.

ఆదివారం, జులై 16

రాత్రి అత్తయ్య ఫోన్ చేసింది. ఫ్రేము కట్టించడానికి ఇస్తానంటే ఇవ్వడం లేదట. ముందు ఫొటోని బల్ల మీద బోర్లా పెట్టి, స్కేలు ఆనించి వెనకాల గళ్లు గీశాడట. ఎల్‌వీఎం3-ఎం4, 14-7-2023, 12.40 గంటలు, ఎండ, మబ్బు అని రాసి, కింద తన ఉద్యోగపు సంతకం చేసి, పక్క గడి ఖాళీగా వదిలాడట. నేను వెళ్లి అందులో సంతకం పెట్టేదాకా ఫ్రేము లేదని చెప్పమన్నాడట.